వెనక సీట్లో జంతిక

అనసూయా,

ఎలా ఉన్నావు? అడగకూడని ప్రశ్నేమో... అయినా ఉత్తరమన్నాక ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. నువ్వు వెళ్లి ఇవాళ్టికి ఐదు నెలల పదకొండు రోజులు. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి నా దగ్గర ఏముంది గనక... వండుకున్నాను, తిన్నాను, పడుకున్నాను. ఇవాళ మాత్రం నీకు చెప్పాల్సింది ఒకటుంది.

ఇవాళ జంతికని కారులో వెంగళరావు నగర్ దాకా తీసుకెళ్లి, తీసుకొచ్చాను.

అక్షరాలు వంకర టింకరగా వస్తున్నాయి, సర్దుకుని చదువుకో. నవ్వకు. ముప్పై ఏళ్లు సినిమాల్లో కార్లు పల్టీలు కొట్టించాను, హీరోల బదులు మంటల్లోంచి జీపులు దూకించాను, పల్టీల సూర్యం అంటే ఫిలింనగర్‌లో తెలియని ఫైటర్ లేడు. ఇవాళ ఇరవై స్పీడులో వెళ్లొచ్చి, గేటు వేసి, మెట్ల మీద కూలబడ్డాను. గ్లాసుడు మంచినీళ్లు తాగడానికి పది నిమిషాలు పట్టింది.

అంత భయపడ్డాను అనసూయా. ఎవరికి చెప్పుకోను?

"భయమైతె భయమని చెప్పరాదయ్యా... నీ నోరేమన్న అరుగుతదా?" అనేదానివి. నువ్వు ఉన్నప్పుడు ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, విను.

జంతిక తిండికేం లోటు లేదు. నువ్వు వెళ్లాక నెల రోజులు గేటు దగ్గర్నుంచి కదల్లేదు. ఇప్పుడు నీ కుట్టుమిషన్ కింద పడుకుంటోంది. తోక మాత్రం అదే చుట్ట. ఆ తోక చూసే కదా కుక్కపిల్లకి నేను జంతిక అన్నాను, నువ్వేమో కాదు సకినం అనాలన్నావు, నాలుగు రోజులు మాటల్లేకుండా కొట్లాడుకున్నాం. మీ షేక్‌పేట సకినాల మీద మా ఏలూరు జంతిక గెలిచింది అదొక్కసారే.

నాలుగేళ్లయింది కదా దాని ముందు ఎడమకాలు పోయి... నీళ్ల ట్యాంకర్ వెనక్కి తీస్తూ తొక్కించినప్పుడు, నువ్వు కుడుతున్న హీరోయిన్ లంగాలోనే దాన్ని చుట్టి ఎత్తుకొచ్చావు. కాలు భుజం దాకా తీసేశారు. మూడు కాళ్లతో అది ఇల్లంతా తిరుగుతుంటే మనమే మర్చిపోయేవాళ్లం, దానికి ఒకటి లేదని.

పోయిన నెల్లో ఆ మిగిలిన ముందుకాలు వాచింది. కుడిది. పొద్దున్నే లేవబోయి గడ్డం నేలకి కొట్టుకుంది. రెండోసారి లేవబోయింది, మళ్లీ పడింది. ఆ తర్వాత ప్రయత్నించడం మానేసి నా మొహంలోకి చూసింది... అలా చూస్తే నేనేం చెయ్యను?

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దాని కాలు తీసినావిడే, వెంగళరావు నగర్ ఆవిడ. ఎక్స్‌రే తియ్యాలి, అది ఇంటికొచ్చి చేసే పని కాదు, తీసుకురమ్మంది. ముందువైపు మొత్తం బరువు ఆ ఒక్క కాలి మీదే ఉందట. అది కూడా పనిచెయ్యకుండా పోతే మళ్లీ నిలబడదట. నిలబడకపోతే ఏం చేస్తారని నేను అడగలేదు.

తీసుకురమ్మంటే... కారుంది. నువ్వు వెళ్లిన రోజు గేటు లోపల పెట్టి కవరు కప్పాను, అంతే. దాని పక్కనుంచి నడవాల్సొస్తే గోడకి అంటుకుని నడిచేవాణ్ని. అందుకని ముందు ఆటో మాట్లాడాను. ఫిలింనగర్ ఏటవాలు తెలుసుగా నీకు. మొదటి మలుపులోనే జంతిక సీటు మీంచి జారి కాళ్ల దగ్గర పడింది. ఆనుకోవడానికి ఆ పక్క కాలు లేదాయె. నేను పట్టుకునే లోపే ఇనపకడ్డీకి మూతి తగిలింది. ఆటో అతను పాపం తనే ఆపేసి, తనే వెనక్కి తిప్పి ఇంటి దగ్గర దింపి వెళ్లాడు.

ఇదివరకు అయితే నేను నడిపేవాణ్ని, నువ్వు వెనక దానితో కూర్చునేదానివి. నువ్వు ఏం చేసేదానివో నేనెప్పుడూ గమనించలేదు. కుక్క కూర్చునేది, నువ్వు కూర్చునేదానివి, అంతే అనుకున్నాను. ఎంత గుడ్డివాణ్ని?

సరే, మనకి తెలిసిన విద్యే ఉంది కదా అని ట్రంకుపెట్టె తెరిచాను. నా పాత బెల్టు ఉంది చూడు, రెండు భుజాల మీంచీ నడుం మీంచీ వచ్చి ఛాతీ దగ్గర కలిసేది. కారు పల్టీ కొట్టేటప్పుడు మనిషి సీటుకి అతుక్కుపోవాలి, అంగుళం కదిలినా మెడకి ప్రమాదం. మా గురువుగారు నాకు నేర్పింది అదే, నేను నా తర్వాతవాళ్లకి నేర్పిందీ అదే. ఆ బెల్టు కోసి జంతిక కొలతకి కుట్టాను. నీ మిషన్ మీదే. ఒక సూది విరిగింది, కోప్పడకు.

ముందు దాని బరువుకి సరిపడా ఇసక బస్తా కట్టి చూశాను. షూటింగుల్లో మనిషిని ఎక్కించే ముందు బస్తానే ఎక్కిస్తాం కదా. గేటు లోపలే కారు నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి, బ్రేకు మీద బ్రేకు. బస్తా ఇంత కూడా కదల్లేదు. భేష్ అనుకున్నాను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు కూడా పెట్టాను. పెట్టి, జంతికని ఎక్కించి, బస్తాని కట్టినట్టే కట్టాను.

సందు దాటి ఏటవాలు దిగడం మొదలుపెట్టానో లేదో వెనక నుంచి అరుపు... అది కుక్క అరుపులా లేదు అనసూయా. చంటిపిల్ల గుక్కపట్టినట్టుంది. ఆపుదామంటే ముందు షూటింగు జనరేటర్ బండి, వెనక స్కూలు బస్సు. పక్కకి తియ్యడానికి జాగా లేదు. హారన్లు. అది అరుస్తూనే ఉంది. ఉన్నట్టుండి అరుపు ఆగి గరగరమని శబ్దం మొదలైంది.

ఎక్కడ ఆపానో కూడా గుర్తులేదు. ఏదో బండరాయి పక్కన. తలుపు తీసి చూస్తే ఎడమ భుజం పట్టీ, ఆనడానికి అక్కడ కాలు లేక, జారి గొంతు కిందికి వచ్చి బిగిసింది. నాలుక బయటికొచ్చింది. సీటంతా తడిపేసింది. ముప్పై ఏళ్లు కళ్లు మూసుకుని విప్పిన బకిల్ నా వేళ్లకి అందలేదు. విప్పేసరికి నా మీద పడి, తల నా చంకలో దూర్చి, వణుకుతూ ఉండిపోయింది. నేను దాన్ని వాటేసుకున్నాను. ఎవరు ఎవర్ని ఓదార్చామో చెప్పలేను.

మళ్లీ ఆ కారు ఎక్కలేకపోయాను. తాళం వేసి అక్కడే వదిలేసి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఏటవాలు ఎక్కి ఇంటికి నడిచాను. పల్టీల సూర్యం కారు వదిలేసి కుక్కని మోసుకుపోతుంటే ఫిలింనగర్ అంతా చూసింది. చూడనీ. కారుని మర్నాడు పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కణ్నే వెళ్లి తెచ్చుకున్నాను.

డాక్టరమ్మకి జరిగింది చెప్తే ఫోన్లోనే చివాట్లు పెట్టింది. కుక్కని సీటుకి అతికిస్తారా ఎవరైనా అంది. మూడు కాళ్ల జీవం నిలదొక్కుకోవాలంటే ఒళ్లు కదుపుకుంటూనే ఉండాలట. బండి వంగినప్పుడల్లా అది అటో ఇటో సర్దుకుంటేనే దానికి ధైర్యం. నేను ఆ కదలికే లేకుండా కట్టేశాను. బస్తా ఏం చెప్తుంది, భయమేస్తోందని?

అప్పుడు గుర్తొచ్చింది నీ మాట. ఎప్పుడో ఒకసారి వెనక్కి తిరిగి, బ్రేకు వేస్తున్నాను దాన్ని గట్టిగా పట్టుకో అంటే నన్ను కసిరావు చూడు... "దాన్ని వట్టుకునుడు కాదయ్యా, ఆనుకోనియ్యాలె. ఎటు ఒరిగినా ఏదో ఒకటి ఉంటదని దానికి తెల్వాలె."

నువ్వు ఎప్పుడూ దాని ఎడమ పక్కనే కూర్చునేదానివి. కాలు లేని పక్క. నీ తొడే దానికి ఆ కాలు. నాలుగేళ్లలో నాకు తట్టలేదు చూడు.

ఇక మళ్లీ మొదట్నుంచి. డాక్టరమ్మ చెప్పిన ఛాతీ బెల్టు కొన్నాను, మెడకి ఎక్కడా తగలదు, కొక్కెం వీపు మీద ఉంటుంది. దాన్ని సీటు బెల్టుకి చిన్న పట్టీతో తగిలించాలి. ఎంత పొడవంటే... అది కూర్చోవచ్చు, పడుకోవచ్చు, అటు తిరగొచ్చు, కింద మాత్రం పడకూడదు. సీటు ముందు కాళ్లు పెట్టుకునే ఖాళీలో దిళ్లు కుక్కి సీటుకి సమానం చేశాను. పైన జారని రబ్బరు చాప పరిచాను. ఎడమ పక్కకి నీ బొంతని చుట్ట చుట్టి, నీ తొడ ఎంత ఎత్తు ఉంటుందో తలుచుకుని, అంత ఎత్తు పెట్టాను. కొంచెం ఎక్కువే పెట్టానేమో, ఏమనుకోకు.

ఎక్కడానికి, దిగడానికి ఏటవాలుగా ఒక చెక్కపలక. దాని మీద గోనెపట్టా బిగించాను. కారు లోంచి దూకితే ఆ దెబ్బంతా ఒక్క కాలి మీదే పడుతుందట. అన్ని సినిమాలకి కార్లు గాల్లోకి లేపడానికి పలకలు వేశాను, కుక్క నిమ్మళంగా దిగడానికి వెయ్యడం ఇదే మొదలు.

అన్నీ అయ్యాయి. జంతిక ఎక్కదు. పలక దాకా వచ్చి, కారు వాసన చూసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని వెనక్కి పోయేది. తొందరపడొద్దంది డాక్టరమ్మ. ఇంజను ఆపే ఉంచి, తలుపులు బార్లా తీసి, రోజూ అన్నం అందులోనే పెట్టమంది. పక్కన ఎవరైనా కూర్చుంటే మంచిదంది.

పక్కన అంటే వెనక సీట్లో...

ఆ మాట విని రెండు రోజులు కారు దగ్గరికి పోలేదు. దానికి కారంటే ఎంత భయమో నాకు ఆ సీటంటే అంత భయం. అక్కడ కదా నిన్ను పడుకోబెట్టింది. అక్కడే కదా నువ్వు... మూడోరోజు మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని, కళ్లు మూసుకుని ఎక్కి కూర్చున్నాను. నీ వాసన ఉంటుందేమో, తట్టుకోలేనేమో అనుకున్నాను. దుమ్ము వాసనే ఉంది. అదే ఎక్కువ ఏడిపించింది. నేను ఏడుస్తుంటే జంతిక పలక ఎక్కి వచ్చింది. నా కోసమో, గిన్నె కోసమో తెలీదు. వచ్చి తినేసి, బొంతకి ఒరిగి కూర్చుంది.

అలా వారం. ఇద్దరం వెనక సీట్లో కూర్చుని ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. తర్వాత ఇంజను వేసి అయిదు నిమిషాలు. తర్వాత గేటు దాకా. తర్వాత సందు చివరి దాకా. సందులో వాళ్లు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

ఇవాళ పదింటికి అపాయింట్‌మెంట్. దారిలో వాంతి అవకుండా పొద్దున అన్నం పెట్టలేదు. తొమ్మిదింటికే ఎక్కించాను. నిమ్మకాయలు పెట్టలేదు. ఏటవాలు మొదటి గేరులో దిగాను. ప్రతి మలుపులోనూ వెనక నుంచి గోళ్ల చప్పుడు, సర్దుకుంటోంది, మూలుగుతోంది. ఆ మూలుగు వింటే భయం, అయినా ఉందని ధైర్యం. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అదిగో మలుపు, ఇదిగో స్పీడ్ బ్రేకర్, ఇదిగో అయిపోయింది తల్లీ అని.

చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగాను. వెనక చప్పుడు లేదు.

జంతికా అన్నాను. లేదు. మళ్లీ పిలిచాను. మూలుగు లేదు, గోళ్ల చప్పుడు లేదు, ఏమీ లేదు.

అనసూయా, ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ రోజు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తానంటే నువ్వు వద్దన్నావు. "నువ్వుండంగ అంబులెన్స్ ఎందుకయ్యా" అన్నావు. ఛాతీ పట్టుకుని కూడా నవ్వావు. నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, గానీ గర్వపడ్డాను. మధ్యాహ్నం రెండున్నర, ఎండ, ఇదే సిగ్నల్. "జర నిమ్మళంగ..." అన్నావు. అదే నీ ఆఖరి మాట అని నాకేం తెలుసు? అక్కణ్నుంచి ఆసుపత్రి దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. వచ్చేశాం అనసూయా, ఇదిగో, ఇంకొక్క మలుపు అని. నువ్వు పలకడం లేదని తెలుసు. అలిసిపోయావనుకున్నాను. కాదు, అబద్ధం ఎందుకు... అలా అనుకోవాలనుకున్నాను.

నాకు కనపడలేదు. స్టంట్ కారులో లోపలి అద్దం ఉంచం, పగిలి మొహంలోకి వస్తుందని ముందే పీకేస్తాం. వెనక ఏముందో చూసేవాడికి చెయ్యి వణుకుతుంది, ముందే చూడు అనేవారు గురువుగారు. ఆ అలవాటు ఇంటి కారుకీ పట్టుకొచ్చాను. అద్దాన్ని ఎప్పుడూ పైకి తిప్పేసేవాణ్ని. "అద్దం మీదికి తిప్పినవేంది, దేవునికి మొకం చూపిస్తున్నవా?" అని నువ్వు ఎన్నిసార్లు అనలేదు?

ఆసుపత్రిలో స్ట్రెచర్ తెచ్చినవాళ్లు వెనక తలుపు తీశారు. నాకంటే ముందు నిన్ను వాళ్లు చూశారు. దారిలోనే పోయిందన్నారు. దారిలో ఎక్కడ? ఏ మలుపులో? ఆపి, వెనక్కి వచ్చి, నీ చెయ్యి పట్టుకుని ఉంటే... బతికేదానివి కాదేమో. కానీ ఒక్కదానివే వెళ్లేదానివి కాదు కదా? నేను అక్కడ రోడ్డుకి కబుర్లు చెప్తుంటే నువ్వు వెనక ఒక్కదానివే...

ఇవాళ అదే సిగ్నల్, అదే నిశ్శబ్దం. అద్దం పైకే ఉంది. ఐదు నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి లేపబోయాను, లేవలేదు. తిప్పితే ఏం కనిపిస్తుందో అని... పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను కదల్లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. ఎవరో కిటికీ మీద కొట్టి తిట్టిపోయారు. అప్పుడు ఎడం చేతిని బలవంతాన లేపి, అద్దాన్ని కిందికి తిప్పాను.

పడుకుంది.

నీ బొంత మీద గడ్డం ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, నిద్రపోతోంది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. ఒకటి, రెండు, మూడు... పదిహేడు దాకా లెక్కపెట్టాను. అప్పుడు గేరు వేశాను. కృష్ణానగర్ దాటేవరకు ఏడుస్తూనే నడిపాను, అద్దంలో దాన్ని చూస్తూ, రోడ్డుని చూస్తూ. గురువుగారు చెప్పినట్టే చెయ్యి వణికింది. అయినా బండి తిన్నగానే వెళ్లింది.

డాక్టరమ్మతో చెప్తే, కారులో నిద్రపోయిందంటే దానికి భయం తీరినట్టే అంది. దానికి తీరింది సరే, నా సంగతేంటి?

ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉంది. కీలు వాచింది. మూడు కిలోలు లావైందట, ఆ బరువంతా కాలి మీద పడింది. అది నా పాపమే. దిగులుగా కనిపించినప్పుడల్లా ముద్ద పెట్టాను... నాకు వేరే ఓదార్పు తెలీదు. తిండి తగ్గించాలి, రోజూ కాపడం పెట్టాలి, వారం వారం తీసుకొచ్చి చూపించాలి. ఎనిమిది వారాలు. తగ్గుతుందనే అంది. ఖాయంగా అనలేదు.

ఎనిమిది వారాలంటే ఇంకా పదహారుసార్లు ఆ సిగ్నల్ దాటాలి. ధైర్యం వచ్చేసిందని నీకు అబద్ధం చెప్పను. వచ్చే గురువారం తలుచుకుంటే ఇప్పుడే భయమేస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మూడుసార్లు ఆపాను. అద్దంలో కనిపిస్తూనే ఉంది, అయినా ఆపి, దిగి, వెనక తలుపు తీసి, చెయ్యి వేసి చూశాను. మూడోసారి విసుక్కుని కళ్లు మూసుకుంది.

నీకు నేను ఇవ్వగలిగింది ఇంకేం మిగల్లేదు అనసూయా, ఈ మాట తప్ప. ఇక మీదట నా వెనక కూర్చున్నది ఎవరైనా, పిలిస్తే పలకకపోతే... బండి ఆపుతాను. ఎన్ని హారన్లు కొట్టినా ఆపుతాను. దిగి, వెనక్కి వెళ్లి, పక్కన కూర్చుంటాను.

నీ
సూర్యం